అడగకుండా మారే కంప్యూటర్: అప్‌డేట్, అప్‌గ్రేడ్, వినియోగదారుని నిర్ణయం

విషయక్రమం
1.0 లక్ష్యాలు
1.1 ఉపోద్ఘాతం
1.2 మార్పులు మూడు రకాలు
1.3 కోరని అప్‌గ్రేడ్‌లు: జరిగిన సంఘటనలు
1.4 తెలుగు, సవర అక్షరాల అనుభవం
1.5 అప్‌డేట్‌లను పూర్తిగా ఆపివేస్తే?
1.6 కొండ ప్రాంతంలో అప్‌డేట్ ఖరీదు
1.7 మీరు చేయగలిగినవి
1.8 సారాంశం
1.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• భద్రతా అప్‌డేట్‌కు, ఫీచర్ అప్‌డేట్‌కు, వెర్షన్ అప్‌గ్రేడ్‌కు మధ్య తేడాను వివరించగలుగుతారు.
• వినియోగదారుల అసంతృప్తికి గల కారణాలను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• అప్‌డేట్‌లను పూర్తిగా ఆపివేయడం వల్ల కలిగే ప్రమాదాన్ని గుర్తించగలుగుతారు.
• మీ కంప్యూటర్‌లో ఏ మార్పు ఎప్పుడు జరగాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు.

1.1 ఉపోద్ఘాతం

పదవీ విరమణ తరువాత కూడా అప్పుడప్పుడు నేను సంపర్క తరగతులు చెబుతుంటాను. అలా ఒక ఆదివారం పార్వతీపురం మన్యం జిల్లాలోని గుమ్మలక్ష్మీపురం వెళ్లాను. భద్రగిరి, ఎల్విన్‌పేట వైపు నుంచి కొందరు, ఇంకా లోపలి కొండ గ్రామాల నుంచి కొందరు విద్యార్థులు వచ్చారు. ఆటో దొరకని చోట నడిచి వచ్చినవారూ ఉన్నారు. పాఠమంతా నా ల్యాప్‌టాప్‌లో సిద్ధంగా ఉంది. ప్రొజెక్టరుకు తగిలించి మీట నొక్కాను. తెర మీద నీలిరంగు వచ్చి, అప్‌డేట్ జరుగుతోందనీ, పన్నెండు శాతం పూర్తయిందనీ, కంప్యూటర్ ఆపవద్దనీ ఒక వాక్యం కనిపించింది. అరగంట గడిచినా ముప్పై శాతం దాటలేదు. ఇంతలో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాతది, అదీ ఎంతోసేపు నిలవలేదు. ఆ రోజు పాఠం నల్లబల్ల మీదే సాగింది.

తరగతి ముగిశాక ఒక విద్యార్థిని అడిగింది: "సార్, కంప్యూటర్ మీదే కదా. మీరు చెప్పకుండానే అది దానంతటదే ఎలా మారిపోయింది?"

ఆమెకు నేను అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక కోపంతో మరో పొరపాటు చేశాను. అప్‌డేట్‌లు అన్నింటినీ పూర్తిగా ఆపివేశాను. కొన్ని నెలల తరువాత జిరాక్సు షాపులో వాడిన పెన్‌డ్రైవ్ ద్వారా వైరస్ వచ్చి, నేను రాసుకున్న రెండు పాఠాల ఫైళ్లు పోయాయి. వైరస్‌లను గుర్తించే జాబితా కూడా ఆ అప్‌డేట్‌లతోనే వస్తుందని, దాన్ని నేనే ఆపానని అప్పుడు తెలిసింది.

అడగకుండా వచ్చిన మార్పు ఒక నష్టం చేసింది. మార్పులన్నింటినీ వద్దనుకోవడం మరో నష్టం చేసింది. ఈ రెంటి మధ్య దారి ఏమిటన్నదే ఈ పాఠం. ఆ విద్యార్థిని ప్రశ్నకు ఇది నా ఆలస్యపు జవాబు కూడా.

1.2 మార్పులు మూడు రకాలు

కంప్యూటర్ యంత్ర భాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య ఉండి రెంటినీ నడిపించే ప్రధాన సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్, లినక్స్, మ్యాక్ ఓఎస్, ఫోన్లలోని ఆండ్రాయిడ్ దీనికి ఉదాహరణలు. దీనికి వచ్చే మార్పులను అందరూ "అప్‌డేట్" అనే ఒకే మాటతో పిలుస్తారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది. మీరు ఉండే ఇంటితో పోల్చుకుంటే తేడా సులభంగా తెలుస్తుంది.

(అ) భద్రతా అప్‌డేట్: తలుపు గొళ్లెం వదులైందని తెలిసి దాన్ని బిగించడం వంటిది. ఇల్లు మారదు, గదులు మారవు. బయటివారు చొరబడే సందు మాత్రం మూసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం వీటిని విడుదల చేస్తోంది. మన కాలమానంలో అది మంగళవారం రాత్రి అవుతుంది. కాబట్టి మన కంప్యూటర్లలో ఇవి ఎక్కువగా బుధవారం నుంచి కనిపిస్తాయి.

(ఆ) ఫీచర్ అప్‌డేట్: మీరు ఊళ్లో లేనప్పుడు ఎవరో వచ్చి వంటిల్లు ఇటు నుంచి అటు మార్చి, కొత్త అలమరా పెట్టి వెళ్లడం వంటిది. కొందరికి అది సౌకర్యం. ఉప్పు డబ్బా ఎక్కడుందో వెతుక్కునేవారికి అవస్థ.

(ఇ) వెర్షన్ అప్‌గ్రేడ్: పాత ఇల్లు ఖాళీ చేయించి కొత్త ఇంట్లోకి పంపడం వంటిది. విండోస్ 7 నుంచి 10కి, 10 నుంచి 11కి మారడం ఇటువంటిదే. పాత సామాను కొంత కొత్త ఇంట్లో పట్టకపోవచ్చు. అంటే పాత ప్రింటరు, పాత ప్రోగ్రాము పనిచేయకపోవచ్చు.

గొళ్లెం బిగించడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. గొళ్లెం బిగిస్తామని వచ్చినవారు వంటిల్లు కూడా మార్చి వెళ్తేనే పేచీ వస్తుంది. ఈ మూడు రకాల మార్పులూ ఒకే దారిలో, ఒకే పేరుతో, చాలాసార్లు ఒకే మూటగా రావడమే వినియోగదారుల చిరాకుకు మూలం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
మీ ఫోన్‌లో లేదా కంప్యూటర్‌లో ఈ మధ్య వచ్చిన ఒక మార్పును గుర్తుచేసుకోండి. అది పై మూడింటిలో ఏ రకానికి చెందుతుంది? ఎందుకు?

1.3 కోరని అప్‌గ్రేడ్‌లు: జరిగిన సంఘటనలు

2012 అక్టోబరు 26న విండోస్ 8 విడుదలైంది. ఏళ్ల తరబడి తెర ఎడమ మూలన ఉన్న స్టార్ట్ బటన్ అందులో లేదు. టచ్ తెరలకు అనువైన పెద్ద పెద్ద పలకలు వచ్చాయి. మౌస్‌తో పనిచేసేవారికి కంప్యూటర్ ఆపడం ఎలాగో కూడా తెలియలేదు. విమర్శల తరువాత 2013లో వచ్చిన 8.1లో బటన్‌ను తిరిగి చేర్చారు. విండోస్ 10లో స్టార్ట్ మెనూ కూడా తిరిగి వచ్చింది.

2015 జులై 29న విండోస్ 10 విడుదలైంది. విండోస్ 7, 8.1 వాడేవారికి ఒక సంవత్సరం పాటు ఉచితంగా ఇస్తామని సంస్థ ప్రకటించింది. ఉచితం కాబట్టి అందరూ సంతోషించాలి. అయితే కోరని వారి కంప్యూటర్లలోకి కూడా గిగాబైట్ల కొద్దీ ఫైళ్లు ముందుగానే దిగాయి. అప్‌గ్రేడ్ చేసుకోమంటూ ఒక పెట్టె పదే పదే తెర మీదకు వచ్చేది. 2016 మే నెలలో ఆ పెట్టె తీరు మారింది. సాధారణంగా మూలనున్న అడ్డగీతల గుర్తు నొక్కితే "వద్దు" అని అర్థం. ఆ పెట్టెలో మాత్రం ఆ గుర్తు నొక్కి మూసివేసినా, ముందే నిర్ణయించిన సమయానికి అప్‌గ్రేడ్ జరిగిపోయేది. వినియోగదారుడు "వద్దు" అనుకున్నది యంత్రానికి "సరే" అయింది.

అదే సంవత్సరం మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లోని చింకో అభయారణ్యం నుంచి ఒక ఫిర్యాదు వార్తల్లోకి వచ్చింది. అడవి మధ్యలో, ఖరీదైన ఉపగ్రహ ఇంటర్నెట్ మీద ఆధారపడి, వేటగాళ్లను ఎదుర్కొనే సిబ్బందికి సమాచారం అందించే కంప్యూటర్లలోకి విండోస్ 10 ఫైళ్లు దిగడం మొదలయ్యాయి. నగరంలో చిన్న చిరాకు అనిపించేది అడవిలో ప్రాణాల మీదకు రావచ్చు. కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెంట్ తన కార్యాలయ కంప్యూటర్ ఈ అప్‌గ్రేడ్ వల్ల పనికిరాకుండా పోయిందని కోర్టుకు వెళ్లి, 10,000 డాలర్ల పరిహారం పొందారు. ఈ ప్రచారంలో తాము హద్దు దాటామని ఆ సంస్థ ఉన్నతాధికారి ఒకరు 2016 చివరలో అంగీకరించారు.

2018 అక్టోబరులో వచ్చిన ఒక ఫీచర్ అప్‌డేట్ కొందరి సొంత ఫైళ్లను తుడిచివేసింది. దాని విడుదలను కొద్ది రోజులకే నిలిపివేయవలసి వచ్చింది. ఇటువంటి అనుభవాల తరువాత 2019 నుంచి పద్ధతి కొంత మారింది. ఫీచర్ అప్‌డేట్‌ను "డౌన్‌లోడ్ అండ్ ఇన్‌స్టాల్" అనే విడి బటన్‌గా చూపించి, ఎప్పుడు మారాలో నిర్ణయించుకునే అవకాశం ఇచ్చారు. ఉన్న వెర్షన్‌కు గడువు దగ్గరపడే వరకే ఈ వెసులుబాటు. అయినా వినియోగదారులు గట్టిగా అడగడం వృథా పోదని ఇది చూపిస్తుంది.

తరువాతి అధ్యాయం విండోస్ 11. 2021 అక్టోబరు 5న విడుదలైన ఈ వెర్షన్‌కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. చక్కగా పనిచేస్తున్న పాత కంప్యూటర్లు ఎన్నో ఈ షరతుల వల్ల అనర్హమయ్యాయి. మరోవైపు విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్‌లు ఇచ్చే ఏర్పాటు ఉంది. పక్క పట్నంలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కునే విద్యార్థి తప్పక అడిగి తెలుసుకోవలసిన విషయమిది.

కోరని హంగుల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2024లో స్టార్ట్ మెనూలో యాప్‌ల ప్రచారం కనిపించసాగింది. అదే సంవత్సరం మే నెలలో "రీకాల్" అనే సదుపాయాన్ని ప్రకటించారు. కొద్ది సెకన్లకొకసారి తెరను ఫొటో తీసి దాచి, తరువాత వెతుక్కోవడానికి వీలు కల్పించడం దాని పని. మన పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు కూడా ఆ ఫొటోల్లో ఉంటాయి కదా అని భద్రతా నిపుణులు అభ్యంతరం చెప్పారు. విడుదల వాయిదా పడింది. వినియోగదారుడు కావాలని ఎంచుకుంటేనే పనిచేసేలా దాన్ని మార్చారు.

ఇది ఒక్క సంస్థకు పరిమితమైన సమస్య కాదు. ఫోన్ల అప్‌డేట్‌లు పాత ఫోన్లను నెమ్మదింపజేశాయని 2018లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ యాపిల్‌కు 1 కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా విధించింది.

1.4 తెలుగు, సవర అక్షరాల అనుభవం

తెలుగు ముద్రణ రంగానికి ఈ సమస్య కొత్తది కాదు. పెళ్లి శుభలేఖల నుంచి పాఠ్యపుస్తకాల వరకు ఎన్నో ఏళ్లు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కలయికలోనే తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తరువాత దాని అభివృద్ధి ఆగిపోయింది. కొత్త విండోస్ వచ్చినప్పుడల్లా డీటీపీ షాపుల వారికి గుబులే. కంప్యూటర్ మారితే ఫాంట్ పనిచేస్తుందా? పాత ఫైలు తెరుచుకుంటుందా? అందుకే ఎన్నో డీటీపీ షాపుల్లో విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఒకటి భద్రంగా ఉండేది. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసినా వారు దాన్ని వదలలేదు. దాన్ని బద్ధకం అనడం తప్పు. ఏళ్ల తరబడి చేసిన పని ఆ యంత్రంలో ఉంది.

మరి అప్‌గ్రేడ్‌లన్నీ నష్టమేనా? కాదు. తెలుగును యూనికోడ్‌లో చూపే గౌతమి ఫాంటు మనకు ఎక్స్‌పీతోనే వచ్చింది. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చే ఫొనెటిక్ కీబోర్డు 2019 మే నెలలో వచ్చిన విండోస్ 10 ఫీచర్ అప్‌డేట్‌తో చేరింది.

గుమ్మలక్ష్మీపురం ప్రాంతానికి మరింత దగ్గరి ఉదాహరణ సవర భాష. మంగేయి గొమాంగో 1936లో ఆ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని రూపొందించారు. అది 2012లో యూనికోడ్‌లో చేరింది. 2013లో వచ్చిన విండోస్ 8.1లోని నిర్మల ఫాంటు ఆ అక్షరాలను చూపగలిగింది. అంతకు ముందరి కంప్యూటర్లలో, విడిగా ఫాంటు చేర్చుకోకపోతే, అవి ఖాళీ డబ్బాలుగా కనిపించేవి. స్టార్ట్ బటన్ గొడవతో అందరూ తిట్టుకున్న ఆ రోజుల్లోనే, ఒక చిన్న భాష అక్షరాలకు తెర మీద చోటు దొరికింది.

అందువల్ల మార్పు మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు రాదు. ఎవరి కోసం, ఎప్పుడు, ఎవరి అనుమతితో అన్నవి అడగవలసిన ప్రశ్నలు.

1.5 అప్‌డేట్‌లను పూర్తిగా ఆపివేస్తే?

2017 మే 12న వానాక్రై అనే హానికర సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతా వ్యాపించింది. అది కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపంలో చెల్లించమని అడిగేది. సుమారు 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఇంగ్లండులో ఆసుపత్రుల పని స్తంభించింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసిన తేదీ మరొకటి ఉంది. వానాక్రై ప్రవేశించిన ఆ సందును మూసే భద్రతా అప్‌డేట్ 2017 మార్చి 14న, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదలైంది. దాన్ని వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ సందు గుండా వానాక్రై రాలేకపోయింది. వేసుకోనివి, మద్దతు ముగిసినవి చిక్కుకున్నాయి.

అంతకు ముందు సంవత్సరం, 2016లో, విండోస్ 10 బలవంతంతో విసిగిపోయి ఎందరో వినియోగదారులు అప్‌డేట్‌లను పూర్తిగా ఆపుకున్నారు. వంటిల్లు మార్చేవారి మీద కోపంతో గొళ్లెం బిగించేవారిని కూడా గుమ్మంలోకి రానివ్వలేదు. బలవంతపు అప్‌గ్రేడ్‌ల వల్ల కలిగే అసలు హాని ఇదే. అవి భద్రతా అప్‌డేట్‌ల మీద ఉన్న నమ్మకాన్ని కూడా చెడగొడతాయి.

భద్రత కోసం వచ్చే అప్‌డేట్‌లు కూడా తప్పులకు అతీతం కావు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక లోపభూయిష్ట అప్‌డేట్ సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో చేతిరాత బోర్డింగ్ పాసులు ఇచ్చారు. కాబట్టి ఏ అప్‌డేట్‌కైనా ముందు మీ ఫైళ్లకు నకలు ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
వానాక్రై నుంచి కొన్ని కంప్యూటర్లు తప్పించుకోగా, మరికొన్ని ఎందుకు దెబ్బతిన్నాయి?

1.6 కొండ ప్రాంతంలో అప్‌డేట్ ఖరీదు

ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవారి ఊహలో వినియోగదారుకు ఆగని కరెంటు, పరిమితి లేని ఇంటర్నెట్ ఉంటాయి. ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్ నడిపే విద్యార్థి ఆ ఊహలో ఉండడు. ఒక చిన్న లెక్క చేద్దాం.

ఒక ఫీచర్ అప్‌డేట్ 4 జీబీ అనుకోండి. మీ ఫోన్ ప్లాన్ రోజుకు 1.5 జీబీ. అంటే మీ దాదాపు మూడు రోజుల డేటా దానికే పోతుంది. వేగం 2 ఎంబీపీఎస్ ఉంటే ఎంత సమయం పడుతుంది? 4 జీబీ అంటే 4,000 మెగాబైట్లు. ఒక బైట్‌కు 8 బిట్లు కాబట్టి 32,000 మెగాబిట్లు. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున 16,000 సెకన్లు, అంటే దాదాపు నాలుగున్నర గంటలు. ఆ సమయంలో మీరు వినవలసిన వీడియో పాఠం ఆగుతూ సాగుతూ ఉంటుంది. అసైన్‌మెంట్‌కు ఆఖరి తేదీ ఆ రోజే అయితే నష్టం ఇంకా పెద్దది.

కొన్న ధరతో పాటు డేటా, కరెంటు, సమయం కూడా వినియోగదారుడు చెల్లించే ధరలే. వాటిని అడగకుండా ఖర్చుపెట్టే హక్కు ఎవరికీ లేదన్నదే వినియోగదారుల వాదనలోని న్యాయం.

1.7 మీరు చేయగలిగినవి

విండోస్ 10, 11లలో కింది సదుపాయాలు ఉన్నాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక్కొక్కటి చూసుకోండి.

1. మీటర్డ్ కనెక్షన్: నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి దీన్ని ఆన్ చేయండి. ఈ ఇంటర్నెట్ పరిమితమైనదని కంప్యూటర్‌కు తెలుస్తుంది. చాలా అప్‌డేట్‌లు వాటంతటవే దిగవు. నెలకొకసారి వైఫై ఉన్న చోట దీన్ని ఆపి భద్రతా అప్‌డేట్‌లు వేసుకోవడం మరవకండి.

2. యాక్టివ్ అవర్స్: మీరు పనిచేసే వేళలను ఇక్కడ చెప్పండి. గరిష్ఠంగా 18 గంటలు పెట్టుకోవచ్చు. ఆ వేళల్లో కంప్యూటర్ దానంతటది రీస్టార్ట్ కాకుండా చూసుకుంటుంది.

3. పాజ్ అప్‌డేట్స్: పరీక్షలు, అసైన్‌మెంట్ల సమయంలో అయిదు వారాల వరకు అప్‌డేట్‌లను వాయిదా వేయవచ్చు. ఇది వాయిదా మాత్రమే. పరీక్ష అయిన మరునాడే తిరిగి మొదలుపెట్టండి.

4. పేరు చదవండి: అప్‌డేట్ పేరులో "సెక్యూరిటీ" లేదా "క్యుములేటివ్" అని ఉంటే వేసుకోండి. "ఫీచర్ అప్‌డేట్" అని ఉంటే తొందరపడనక్కరలేదు. మీ ప్రస్తుత వెర్షన్‌కు మద్దతు ఉన్నంత కాలం, ఇతరుల అనుభవం చూసి నిర్ణయించుకోవచ్చు.

5. వెనక్కి వెళ్లే దారి: అప్‌గ్రేడ్ నచ్చకపోతే సాధారణంగా 10 రోజుల లోపు రికవరీ సెట్టింగ్స్‌లోని "గో బ్యాక్" ద్వారా పాత వెర్షన్‌కు రావచ్చు. గడువు దాటితే పాత ఫైళ్లు తొలగిపోతాయి.

6. డెలివరీ ఆప్టిమైజేషన్: కంప్యూటర్లు ఎక్కువగా ఉన్న అధ్యయన కేంద్రంలో దీన్ని స్థానిక నెట్‌వర్క్‌కు పరిమితం చేసి ఆన్ చేస్తే, ఒక కంప్యూటర్‌లోకి దిగిన అప్‌డేట్‌ను మిగిలినవి దాని నుంచే పంచుకోగలవు. ఇంట్లో హాట్‌స్పాట్ వాడేవారు దీన్ని ఆపుకోవడం మేలు.

7. ప్రత్యామ్నాయం: పాత కంప్యూటర్ విండోస్ 11కు అర్హం కాకపోతే పారవేయనక్కరలేదు. సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్, లేదా ఉబుంటు వంటివి ఉచితంగా లభిస్తాయి. ఉబుంటు దీర్ఘకాలిక మద్దతు వెర్షన్లకు అయిదేళ్లు భద్రతా అప్‌డేట్‌లు వస్తాయి. మీరు వాడే ప్రోగ్రాములు అందులో నడుస్తాయో లేదో ముందుగా పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోండి.

ఫోన్‌కూ ఇదే సూత్రం. అప్‌డేట్‌లు వైఫైలో మాత్రమే దిగేలా పెట్టుకోండి. ఛార్జింగ్ సగానికి పైగా ఉన్నప్పుడే ఇన్‌స్టాల్ చేయండి.

సేవలో లోపం వల్ల నష్టపోయినట్లయితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీకు ఫిర్యాదు చేసే హక్కు ఇస్తుంది. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915.

1.8 సారాంశం

భద్రతా అప్‌డేట్ అవసరం. ఫీచర్ అప్‌డేట్, వెర్షన్ అప్‌గ్రేడ్ మీ వీలును బట్టి తీసుకోవలసిన నిర్ణయాలు. ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి, అడగకుండా ఇవ్వడం వల్ల వినియోగదారులలో అసంతృప్తి కలుగుతుంది. 2016 నాటి విండోస్ 10 అనుభవం బలవంతం ఎంత చెడ్డదో చూపింది. 2017 నాటి వానాక్రై నిర్లక్ష్యం ఎంత ప్రమాదమో చూపింది. కొండ ప్రాంతంలో పరిమిత డేటాతో, వచ్చీపోయే కరెంటుతో చదువుకునే విద్యార్థికి ఈ తేడా తెలియడం మరింత ముఖ్యం.

ఆ తరగతిలో విద్యార్థిని అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. కంప్యూటర్ కొన్నది మనమే అయినా, దానిలోని సెట్టింగ్స్ మనం చూడనంత కాలం అవి తయారుచేసినవారు పెట్టినట్లే ఉంటాయి. నేను వాటిని ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. అందుకే అది నన్ను అడగలేదు. మీరు ఈ పాఠం పక్కన పెట్టే ముందు ఒకసారి తెరిచి చూడండి.

1.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆపరేటింగ్ సిస్టమ్‌కు వచ్చే మార్పులలోని రకాలను తెలిపి, కోరని అప్‌గ్రేడ్‌ల పట్ల వినియోగదారుల అసంతృప్తికి కారణాలను ఉదాహరణలతో వివరించండి.
2. "అప్‌డేట్‌లన్నింటినీ ఆపివేయడమే పరిష్కారం." ఈ అభిప్రాయాన్ని వానాక్రై ఉదంతం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పరిమిత ఇంటర్నెట్ ఉన్న విద్యార్థి తన కంప్యూటర్‌లో చేసుకోవలసిన ఏర్పాట్లు ఏవి?
2. తెలుగు డీటీపీ రంగం పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎందుకు వదలలేకపోయింది?
3. 3 జీబీ అప్‌డేట్ 4 ఎంబీపీఎస్ వేగంతో దిగడానికి ఎంత సమయం పడుతుందో లెక్కించండి.